ఒక్క గేటు ముందే ఆగిన పీపాలు

ఆయిల్ క్రీక్ లోయ, నవంబరు 1878

తమ్ముడు లెమ్యూల్‌కి,

నీకు రైలు వ్యాగన్లు ఎందుకు దొరకడం లేదని అడిగావు. వ్యాగన్లు లేవని స్టేషను మాస్టరు నీకు చెప్పింది అబద్ధం. నేను సోమవారం అడిగాను. మంగళవారం పొద్దున్నే నా కిరసనాయిలు కార్ఖానా ముందుకు వచ్చేశాయి.

ఎలా వచ్చాయో నేను చెప్పకూడదు. కార్ఖానా అమ్మకం కాగితం మీద సంతకం చేయించుకునేటప్పుడే, రైళ్లను గుప్పిట్లో పెట్టుకున్న ఆ పెద్ద నూనె కంపెనీ మనిషి అన్నాడు: "బోర్డు మీద మీ పేరే ఉంటుంది సార్. మీ ఆవిడకి కూడా తెలియనివ్వకండి." తెలియనివ్వలేదు.

అది జరిగిన వారానికే, మొన్న ఆదివారం, ఎవరమూ మన కార్ఖానాలు కంపెనీకి అమ్మబోమని చర్చిలో ప్రమాణం చేశాం గదా. ముసలి థాడియస్ లేచి, "అమ్మినవాడు నా గడప తొక్కితే కాళ్లు విరగ్గొడతా" అన్నాడు. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది నేనే. నువ్వు నా భుజం తట్టావు.

మంగళవారం సాయంత్రం పట్టాల వెంట ఇంటికి నడిచాను. థాడియస్ కార్ఖానా గేటు ముందు వ్యాగన్లలోకి పీపాలు ఎక్కిస్తున్నారు. నన్ను చూసి అతను లోపలికి వెళ్లిపోయాడు. ఆ పక్క కార్ఖానా దగ్గరా అంతే, దాని పక్కదాని దగ్గరా అంతే. లోయ పొడవునా వానలో తడుస్తూ నిలిచిపోయినవి నీ పీపాలే.

ఈ ఆదివారం మళ్లీ ప్రమాణమట. నువ్వు మాత్రం రాకు. నువ్వు లేకపోతే మేమంతా ఎవరిని నమ్మించడానికి చేతులెత్తుతామో చూడాలని ఉంది.

చదివాక దీన్ని పొయ్యిలో వెయ్యి.

నీ అన్న