తప్పు పోలమ్మత్త పులుసుది కాదు

చెన్నై,
బుధవారం.

అన్న రమణయ్యకు తమ్ముడు మాల్యాద్రి నమస్కారాలతో రాస్తున్నది.

అన్నా, క్షేమ సమాచారాలు ఒక నిమిషం ఆగి అడుగుతాను. ముందు జరిగిన అన్యాయం చెప్పనీ. మన శ్రీహరికి ముందువైపు నాటిన వెంట్రుకలు నిలిచి, వాటి వెనక ఉన్న సొంత జుట్టు రాలిపోయిందే, దానికి కారణం వాళ్లమ్మ పోలమ్మత్త పెట్టిన చేపల పులుసు కాదు. నేను మొన్నటిదాకా పనిచేసిన ఈ జుట్టు క్లినిక్కు యజమాని. ఈ మాట నువ్వు మన సెలూన్లో అద్దం ముందు నిలబడి, కూర్చున్నవాళ్లందరూ వినేట్టు చదవాలి. ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావు. ఫోన్లో నేను అరుస్తాను, నువ్వు పెట్టేస్తావు. పోయిన ఆదివారం అదేగా జరిగింది. కాగితాన్ని పెట్టేయలేవు.

ఇక అడుగుతున్నాను. నువ్వూ వదినా బాగున్నారా? నాయన మోకాలు ఎలా ఉంది? మెట్లు దిగి సెలూన్‌కు రావద్దని చెప్పు, వింటే. నేను బాగానే ఉన్నాను, ఒంట్లో ఏమీ లేదు, దిగులు పడొద్దు. ఇక్కడ ఉక్కకు పొద్దున తొడిగిన చొక్కా పదింటికే పిండుకోవాల్సి వస్తోంది. మన కావలిలో ఎండ ఎంత కాసినా సాయంత్రానికి సముద్రం గాలి తిరుగుతుంది. ఇక్కడా సముద్రం ఉందిగానీ దాని గాలి నా గది దాకా రాదు. గదిలో నాతోపాటు ఇద్దరు ఒడిశా కుర్రాళ్లు. మంచివాళ్లే. వాళ్ల భాష నాకు రాదు, నా భాష వాళ్లకు రాదు. ముగ్గురం నవ్వుకుని పడుకుంటాం. మెస్సులో సాంబారు తియ్యగా ఉంటుంది. రోజూ అదే. బాగానే తింటున్నాను.

నన్ను ఈ పనిలోకి ఎందుకు తీసుకున్నారో నీకు తెలుసు. ఆపరేషన్‌కు ముందు తల గొరగాలి, నువ్వు నేర్పిన కత్తి నాకుంది. రెండోది, మన నెల్లూరు జిల్లా నుంచి రైలెక్కి వచ్చేవాళ్లకు డాక్టరు ఇంగ్లీషులో రాసింది తెలుగులో చదివి చెప్పాలి. కత్తి పనిలో ఏనాడూ తప్పు చేయలేదన్నా. తప్పు రెండో పనిలో జరిగింది.

డాక్టరు చేసేది ఇదీ. తల వెనక భాగంలో జుట్టు గట్టిది, అంత తొందరగా రాలదు. అక్కడి నుంచి కుదుళ్లను ఒక్కొక్కటిగా తీసి ముందు పలచబడ్డచోట నాటుతారు. నాటింది నిలుస్తుంది. అబద్ధం కాదు, నేను కళ్లారా చూశాను. అయితే దాని చుట్టూ ఉన్న పాత జుట్టుకు ఆపరేషన్ ఏమీ చేయదు. దాని రాలే గుణం దానిదే. దాన్ని పట్టి ఉంచడానికి పూసే మందూ, కొందరికి మాత్రా రాస్తారు. అవి వాడుతూనే ఉండాలి, ఆపితే వచ్చిన మేలు కొన్ని నెలల్లో పోతుంది. కత్తీ మందూ రెండూ కలిస్తేనే ఆ వైద్యం. వయసు తక్కువైన వాళ్లకైతే ముందు కొన్నాళ్లు మందు వాడించి, రాలడం నెమ్మదించాకే ఆపరేషన్ సంగతి ఆలోచించాలి.

ఇదంతా నాకు ఎవరూ చెప్పలేదు. మందు పెట్టెల్లో మడతలు మడతలుగా ఒక కాగితం ఉంటుంది. పెట్టె చింపి ఆ కాగితాన్ని చెత్తబుట్టలో వేస్తారు. నేను ఏరుకుని గదికి తెచ్చి, డిక్షనరీ పెట్టుకుని రోజుకు రెండు మడతలు చదివాను. బస్టాండు దగ్గర ఎవరో పంచిన రోగుల హక్కుల కరపత్రం కూడా చదివాను. తన ఒంటికి ఏం చేయబోతున్నారో తనకు అర్థమయ్యే భాషలో తెలుసుకోవడం రోగి హక్కు అని అందులో ఉంది. నీకు నవ్వు రావచ్చు. ‘కరపత్రాలు తిని బతుకుతావురా’ అని నువ్వు అనేవాడివి. తిన్నాను. అరిగింది కూడా.

ఇక శ్రీహరి సంగతి. పోయిన వినాయక చవితి వెళ్లాక వచ్చాడు కదా. డాక్టరు ఆపరేషన్ బాగానే చేశాడు. కాగితం మీద కింద మూడు వరసల్లో పూసే మందు, మాత్ర, ఎంతకాలం వాడాలో, మళ్లీ ఎప్పుడు రావాలో రాశాడు. నేను చదివి చెప్పబోతుంటే యజమాని వచ్చి ఆ మూడు వరసల మీద బొటనవేలు పెట్టాడు.

“అది వద్దులేప్పా. ఏళ్ల తరబడి మందు అంటే లేచి పారిపోతారు. పారిపోకుండా మందు వాడితే, రెండో ఆపరేషన్‌కు ఎవరు వస్తారు?” అన్నాడు తన వచ్చీరాని తెలుగులో.

అన్నా, ఆ వేలును నేను పక్కకు నెట్టాల్సింది.

ఆరు నెలలకు శ్రీహరి ఫోన్ చేశాడు. ముందు వరస బాగా వచ్చింది, వెనక నడినెత్తి కనపడుతోంది అన్నాడు. నేను యజమానికి చెప్పాను. ఆయన తల కూడా ఎత్తలేదు. చేపలు తిన్నాడేమో అడుగు, అన్నాడు. మనవైపు మనుషులకు పథ్యం అనే మాట చాలు, ఇంకేమీ అడగరని ఆయనకు తెలుసు. నేను అడిగాను. శ్రీహరి ఒప్పుకున్నాడు.

“తిన్న్యాన్రా. మా యమ్మ పెడితే ఒక్కపూట తిన్న్యా. మామిడికాయేసి చేసింది. దానికేనా?” అన్నాడు.

సముద్రం మీద బతికే ఇల్లు. పాలెం నుంచి తెల్లారి గంప నెత్తిన పెట్టుకుని కావలి వీధుల్లో చేపలమ్మే తల్లి. ఆ తల్లి చేతి పులుసు వల్ల కొడుకు జుట్టు పోయిందట! ఏ పుస్తకంలోనూ లేదు, మందు కాగితంలో లేదు, ఏ డాక్టరూ చెప్పలేదు. ఒక మనిషి తన వ్యాపారం కోసం నోటికొచ్చింది అన్నాడు, అంతే. రెండు నెలలుగా శ్రీహరి ఆమె పెట్టింది తినడం లేదని నువ్వే చెప్పావు. ఇంట్లో చేప వండటమే మానేసిందని, మన సెలూన్ మెట్టు మీద గంప దించి, “నేనే చేసినా గదా రమణయ్యా, నా చేతుల్తోనే చేసినా” అంటోందని చెప్పావు. అది విన్నప్పటి నుంచీ నాకు ముద్ద దిగడం లేదు. పైన బాగానే తింటున్నాను అని రాశాను, కొట్టేయడం లేదు, వదిన చదువుతుందని.

సోమవారం ఒక సంగతి జరిగింది. సూళ్లూరుపేట నుంచి ఒక పెద్దాయన వచ్చాడు, కొట్టు పెట్టుకున్న మనిషి. ఆయన కాగితం నా చేతికి వచ్చింది. యజమాని పక్కనే ఉన్నాడు. నేను కింది వరసలతో సహా మొత్తం చదివాను. మందు మానకూడదని, మానితే ఉన్నది రాలుతుందని, నాటినవి కూడా మొదటి నెలలో రాలి మళ్లీ మొలుస్తాయని, అంతా చెప్పాను. పెద్దాయన విని, “ఇంతేనా అబ్బయా? షుగరు మాత్ర ఇరవై ఏళ్లుగా మింగతన్నా. దానికింకోటి తోడు. ఇది చెప్పడానికి ఎందుకు అట్ట వణకతా ఉండావు?” అన్నాడు.

పారిపోలేదన్నా! కుర్చీలోంచి కదల్లేదు. యజమాని భయపడ్డది ఏదీ జరగలేదు. నన్ను మాత్రం లోపలికి పిలిచి, చదవమన్నంతే చదవాలన్నాడు. సగం చదివే పని నాకొద్దన్నాను. అయితే రేపటి నుంచి రావద్దన్నాడు. కత్తి తుడుచుకుని సంచిలో వేసుకుని వచ్చేశాను. దీనికి నువ్వు బాధపడొద్దు. ఇంకోచోట తల గొరిగి బతకగలను. నాయనకు మాత్రం మెల్లగా చెప్పు.

ఇప్పుడు నీ మీద కోపం. మన అద్దం పక్కన ఆ క్లినిక్కు ఫ్లెక్సీ ఇంకా వేలాడుతోందా? ఆదివారం పదకొండింటికి కల్యాణ మండపంలో ఉచిత శిబిరం పెడుతున్నారని, పలచబడ్డ కుర్రాళ్ల పేర్లు నువ్వే రాసి ఉంచావని శ్రీహరి చెప్పాడు. నిన్ను నమ్మి తల నీ చేతికి ఇచ్చేవాళ్లన్నా వాళ్లు. శ్రీహరి కూడా రెండో ఆపరేషన్‌కు సంతకం పెడతానంటున్నాడు. వాడి తల వెనక నేను గొరిగి చూశాను. అది తోడేకొద్దీ ఊరే చెలమ కాదు. అక్కడి నుంచి తీసింది మళ్లీ మొలవదు. మందు లేకుండా రెండోసారి నాటితే ఆ నాటిన దాని వెనక మళ్లీ రాలుతుంది. అప్పుడు తీయడానికి వెనక ఏమీ మిగలదు.

ఆ ఫ్లెక్సీ పంపింది నేనే. సంక్రాంతికి ఊరికి వచ్చిన బస్సులో చుట్ట చుట్టి పంపాను, గర్వంగా. కాబట్టి నీ మీద కోపం ఇక్కడితో ఆపుతున్నాను.

అసలు మాట ఇది, దీనికోసమే ఇంత రాశాను. ఆపరేషన్ రోజు సాయంత్రం శ్రీహరిని సెంట్రల్ స్టేషన్‌లో రైలెక్కించాను. తలకు కట్టు, పైన టోపీ. కిటికీ దగ్గర కూర్చుని ఆ కాగితం తీసి, కింద వరసల మీద వేలు పెట్టి, “ఇదేందిరా, నువ్వు చదవలా?” అన్నాడు. యజమాని అక్కడ లేడన్నా. ఎవరూ లేరు. మామూలేరా, తలకు నీళ్లు తగలనివ్వొద్దని రాశాడు, అన్నాను నేను. వాడు నమ్మి మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ కాగితం ఇప్పటికీ వాళ్లింట్లోనే ఉంటుంది.

మందు వాడితే పోయిందంతా వస్తుందని నేను చెప్పను. నాకు తెలియదు, అది డాక్టరు చూసి చెప్పాలి. ఉన్నదాన్ని నిలుపుకోవడానికి ఇంకా వేళ మించలేదేమో. నెల్లూరు పెద్దాసుపత్రిలో చర్మం డాక్టరు దగ్గరకు సోమవారం నేనే తీసుకెళ్తాను. అంతవరకూ వాణ్ణి షాపులో అడిగి సొంతంగా మాత్రలు కొనుక్కోవద్దని చెప్పు. అందరికీ అవి పడవు. సంతకం అసలే పెట్టొద్దని చెప్పు.

నాయనకు, వదినకు నా నమస్కారాలు. నా మీద కోపం వస్తే రానీ, ఆశీస్సులు మాత్రం ఆపొద్దు. నా నీలం చొక్కా ఉతికించి ఉంచమని వదినతో చెప్పు, ఆదివారం అదే తొడుక్కుంటాను.

పొద్దున రైలుకు దిగుతాను. ఫ్లెక్సీ నేను వచ్చేసరికి కింద ఉండాలి. నువ్వు పేరు రాసిన ప్రతి కుర్రాడినీ, ఇంతకుముందు చెన్నై వచ్చి నాటించుకున్న ప్రతివాణ్ణీ వాళ్ల కాగితాలతో రమ్మను. శ్రీహరి ఆ మడత కాగితం తేవాలి. పోలమ్మత్తను గంప దించి లోపలికి రమ్మను, మెట్టు మీద కాదు, కుర్చీలో కూర్చోబెట్టు. ఆ మూడు వరసలు నేను ఆమె ముందు, ఆమె కొడుకు ముందు గట్టిగా చదువుతాను. తర్వాత వాళ్లు నన్ను ఏమన్నా పడతాను. అప్పుడు అందరం కలిసి మండపానికి నడిచి వెళ్లి, వచ్చినవాళ్లకు మొత్తం కాగితం చదివి వినిపిద్దాం. శనివారమే పులుసు పెట్టి ఉంచమని అత్తతో చెప్పు, రెండోరోజుకు బాగుంటుంది. శ్రీహరి, నేను ఒకే కంచంలో తింటాం.

ఆదివారం పొద్దున పది గంటలకు, మన సెలూన్లో. ఒక్కరూ ఆలస్యం చేయొద్దు.

నీ తమ్ముడు
మాల్యాద్రి