నోటితో పెట్టని ముద్దు

ఆదివారం, రాత్రి

చేపల వేట మీద వేసవి నిషేధం ముగిసింది. తెల్లవారకముందే మా ఆయన బోటు బయల్దేరింది. సాగనంపడానికి అత్తమ్మతో కలిసి మొదటిసారి హార్బరుకు వెళ్లాను.

బోటు ముందు భాగానికి పసుపు, కుంకుమ పెట్టారు. ఎక్కే ప్రతివాడూ అక్కడ వేళ్లతో తాకి, ఆ వేళ్లను ముద్దు పెట్టుకున్నాడు. మా ఆయనా అంతే చేశాడు. ఎక్కబోతూ ఆగి, నా గడ్డం తాకి, ఆ వేళ్లను మళ్లీ పెదవులకు ఆనించుకున్నాడు. "ఎల్లొత్తానే" అన్నాడు. బోటు మీద అందరూ నవ్వారు. నేను మొహం తిప్పేసుకున్నాను. అలా చేయకుండా ఉండాల్సింది.

తిరిగొస్తుంటే ఆటోలో అత్తమ్మ అంది: "సిగ్గేటే? మీ మావ నోటితో ముద్దెట్టడం నానెరగను. ఏట నుంచొచ్చి నా నెత్తి వాసన సూసీవోడు. నానూ మెడకాడ వాసన సూసి, ఏ సేప పడ్డాదో సెప్పేసీదాన్ని. అదే మా ముద్దు."

పాత కథల్లో తల్లి కొడుకు తల మూర్కొందని వస్తే, వాసన చూసిందని అర్థం చెప్పి పాఠం ముందుకు నడిపేస్తుంటాను. క్లాసులో పిల్లలు నవ్వుతారు. అది ముద్దేనని టీచర్‌నైన నాకే తట్టలేదు.

సాయంత్రం నుంచి గాలి ఎక్కువగా ఉంది. తుపాను హెచ్చరికేమీ లేదు. అయినా చెవి అటే ఉంది.

ఆయన వేట నుంచి రాగానే గుమ్మంలోనే సబ్బు, తువ్వాలు చేతికిస్తాను. స్నానమయ్యాకే దగ్గరికి రానిస్తాను. ఈసారి వేడినీళ్లు కాస్త ఆలస్యంగా పెడతాను.