గడప బయటి చెప్పులు

పులివెందుల

అక్కయ్యా,

బావగారికి నా నమస్కారాలు చెప్పండి. మీకు నమస్కారం పెట్టే ఉద్దేశం నాకు లేదు. ఫోన్ చేస్తే మధ్యలోనే పెట్టేస్తారని ఉత్తరం రాస్తున్నాను.

మనం కలిసి ఉన్నన్నాళ్లూ మడమ నొప్పితో నేను మంచం దిగలేకపోతుంటే, "తెల్లారితే కుంటుతాది, పదయ్యేసరికి ఇల్లంతా తిరుగుతాది. పని ఎగ్గొట్టేదానికి నాటకం" అని ప్రొద్దుటూరులో చుట్టాలందరికీ చెప్పారు. ఇక్కడి డాక్టరు ఆ మాట వింటూనే జబ్బేమిటో చెప్పాడు. అరికాల్లో మడమ నుంచి వేళ్లదాకా ఉండే పట్టీలాంటి పొర వాస్తే తొలి అడుగే ప్రాణం తీస్తుందట, నడిచేకొద్దీ సర్దుకుంటుందట. మీరు నాటకమన్నదే దాని గుర్తు.

మీ వంటింటి నాపరాళ్ల మీద ఉత్తకాళ్లతో నిలబడి తెచ్చుకున్న జబ్బు ఇది. నేను మెత్తటి చెప్పులు కొనుక్కుంటే, ఇంట్లో చెప్పులేస్తే లక్ష్మి నిలవదని వీధిలో పారేసింది మీరే. ఇప్పుడు ఇంట్లోనూ వేసుకుంటున్నాను. పొద్దున పాదాన్ని కాసేపు నావైపు లాగి పట్టుకుని, ఆ తర్వాతే మంచం దిగుతున్నాను. నొప్పి చాలావరకు తగ్గింది.

ఈమధ్య మీరూ తెల్లారి గోడ పట్టుకుని నడుస్తున్నారని మీ మరిది చెప్పారు. నాటకమని నేను అనలేదు. ఆయన చేతికే మీకు మెత్తటి చెప్పులిచ్చి పంపుతున్నాను. లక్ష్మి వెళ్లిపోయిందన్న నింద నాకొద్దు కాబట్టి, గడప బయటే పెట్టి రమ్మన్నాను. పొద్దున మంచం దిగి, అక్కడిదాకా నడిచి వెళ్లి వేసుకోండి.

మీ తోడికోడలు