ఏ ప్యాకేజీకీ చెందని ఫైలు

శుక్రవారం, జూలై 2003

సోమవారం నర్సీపట్నం వదిలి విశాఖలో ఉద్యోగంలో చేరాలి. చేరతానా? మా కంప్యూటర్ సెంటర్ ఓనర్ ప్రకాశరావు గారు నన్ను వదలడానికి పెట్టిన షరతు ఒక్కటే. "సునీతకి అన్నీ అప్పసెప్పీసి ఎల్లు బాబూ. రేపేటైనా పాడైతే నీకు ఫోను సెయ్యకూడదు."

అందుకే ఇవాళ ఆయన ముందే, నా పని తీసుకోబోయే సునీతకు మా కంప్యూటర్లను నడిపే లినక్స్ చూపించాను. సిస్టమ్ ఫైలు ఏదైనా పాడైతే అది ఏ ప్యాకేజీదో, అంటే ఏ సాఫ్ట్‌వేర్ మూటలో వచ్చిందో కంప్యూటర్‌నే అడగాలి, ఆ ప్యాకేజీని సీడీ నుంచి మళ్లీ వేసుకోవాలి, అంతే అన్నాను. సునీత నాలుగు ఫైళ్ల గురించి కంప్యూటర్‌ని అడిగింది. నాలుగింటికీ జవాబొచ్చింది. ప్రకాశరావు గారు తల ఊపారు. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఐదోది మా స్టూడెంట్ల సర్టిఫికెట్లను తెలుగులో ప్రింట్ చేసే ప్రోగ్రాం ఫైలు. అది ఏ ప్యాకేజీకీ చెందదని వచ్చింది.

"ఏటి సార్, దీనికి అమ్మాబాబూ లేరేటి?" అని సునీత నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. రెండేళ్ల కిందట అది రాసింది నేనే. స్టూడెంట్లు కనబడిన ఫైలల్లా తుడిచేస్తుంటే, వాళ్ల చేతికి అందకుండా సిస్టమ్ ఫైళ్ల మధ్య దాచాను. ఏ సీడీలోనూ ఉండదు. కాపీ తీసిచ్చినా చాలదు, ప్రింటర్ మారినప్పుడల్లా దాన్ని దిద్దింది నేనే.

"మరి ఇది పాడైతే ఎవల్ని అడగాల?" అన్నారు ప్రకాశరావు గారు.

ఆ ఫైలులో నా పేరు ఎక్కడా రాసుకోలేదు. అయినా ఇద్దరూ నా వైపే చూశారు.