ఆ పాజిటివ్ నీదా నాదా

లేవగానే గదిలోంచి బయటికి రాకు. పాలు కాచి తలుపు దగ్గర పెట్టాను. అడుగంటాయి, పైపైన తాగు.

టెస్టు మెసేజ్ వచ్చింది. మనిద్దరిలో ఒకరికి పాజిటివ్, ఒకరికి ఏం లేదు. ఎవరికో మాత్రం తెలీదు. నీ ఫోన్ నంబరు గుర్తురాక అక్కడ రెండింటికీ నాదే ఇచ్చాను. ముక్కులో పుల్ల పెట్టే అమ్మాయి "పెళ్లై ఎన్నేళ్లయింది అంకుల్?" అంది. ఇరవై ఆరన్నాను. "అయితే మర్చిపోవచ్చు లెండి" అంది.

మెసేజ్‌లో పేర్లు లేవు, చీటీ నంబర్లే ఉన్నాయి. ఆ చీటీలు నేను చొక్కా జేబులో భద్రంగా దాచాను. నువ్వు నిన్న ఆ చొక్కాని ఇంకా భద్రంగా ఉతికేశావు. చేతులు నొప్పి పుట్టాయేమో పాపం.

టెస్టు చేసినవాళ్లు ఫోన్ ఎత్తట్లేదు. రెండు మాస్కులు వేసుకుని వెళ్తున్నా, గేటు బయటే నిలబడి అడుగుతా. ఇదంతా ఫోన్లోనే పెట్టేవాణ్ణి, టీకా వద్దని గ్రూపులో మెసేజీలు పంపానని నన్ను బ్లాక్ చేశావు కదా. మహా గొప్ప పని.

నువ్వు బుద్ధిగా టీకా వేయించుకున్నావు. నేను నలభై మందిని ఆపిన మేధావిని. న్యాయంగా చూస్తే అది నాదే అవ్వాలి. నీదైతే వంట నేను చెయ్యాలి, దానికింకా టీకా కనిపెట్టలేదు.

రాత్రి నిద్రలో పదకొండుసార్లు దగ్గావు. నేనేం లెక్కపెట్టలేదు, మన గోడలు పల్చన. పైన నాదే అవ్వాలన్నది ఎగతాళికి రాయలేదు.