ఈసారి నేనే మాట్లాడతాను

జూన్ 3, సోమవారం. మబ్బు. రెండు తక్కెడలకు నూనె పెట్టాను.
సాయంత్రం కోర్సు మొదలైంది: వ్యాపారం, ప్రభుత్వం, సమాజం. మేనేజ్‌మెంటు కాలేజీవాళ్లు చిన్న వ్యాపారులనూ ప్రభుత్వ ఉద్యోగులనూ కలిపి కూర్చోబెట్టారు. పుస్తకాలు లేవు, అనుభవమే పాఠమట. ఎవరి సర్కారు పని వాళ్లే స్వయంగా సాధించుకోవాలి.
నా పని సిద్ధంగా ఉంది. తూకం యంత్రాల మరమ్మతు లైసెన్సు నెలాఖరుతో సరి. కొత్తది రాకపోతే కొట్టు మూతే. పోస్టులో పంపిన అర్జీ నెలగా కదల్లేదు. ఇరవై ఏళ్లుగా ఆఫీసులో నా తరఫున మాట్లాడేది మా బావమరిది. ఈసారి నేనే మాట్లాడతాను. రాసి, కింద సంతకం పెట్టాను.
మా ఆవిడ చూసి, "డాక్టరుకు మీ కడుపునొప్పి చెప్పింది కూడా మా తమ్ముడే కదండీ" అంది.

జూన్ 5, బుధవారం. ఎండ.
10.20 తూనికలు కొలతల ఆఫీసు.
10.40 కిటికీ. గుమాస్తా తలెత్తాడు. నేను తల ఊపాను. ఆయనా ఊపాడు.
10.41 బయట.
పరిచయం మొదలైనట్టే.

జూన్ 8, శనివారం. చినుకులు. ఆఫీసు మెట్లు జారతాయి. వెళ్లలేదు.

జూన్ 10, సోమవారం. ఉక్క. తరాజు ముల్లు సరిచేశాను.
క్లాసులో నాటకం. చీటీల్లో నాకు అధికారి వేషం పడింది. అర్జీదారు వేషం వెనక బెంచీ కళ్లద్దాల ఆయనకు. ఇరవై ఏళ్లుగా విన్నవన్నీ నోట్లోంచి వాటంతటవే వచ్చాయి.
"ఈ సీటు కాదండీ. సంతకం బాగానే ఉంది, సిరా నల్లగా ఉండాలి. గురువారం రండి. గురువారం నేనుండను."
క్లాసంతా చప్పట్లు. ఆయన మాత్రం అద్దాలు తుడుచుకున్నాడు.
టీ దగ్గర తెలిసింది. ఆయన తూనికల ఇన్‌స్పెక్టరు. నా అర్జీ ఆయన బల్ల మీదే ఉంది. ఆఫీసులో ఎప్పుడూ బావమరిది వీపు వెనక నిలబడినవాణ్ణి, ఆయన ముఖం చూసిందెప్పుడు?

జూన్ 12, బుధవారం. ఎండ. చేయవలసినవి: క్షమాపణ. లైసెన్సు మాట. నవ్వకూడదు.
ఆఫీసులో ఇన్‌స్పెక్టరు కూర్చోమన్నాడు. కూర్చున్నాను. ఏం పని అని అడిగాడు.
"మీ బల్ల మీది తక్కెడ కాస్త ఒరిగిందండీ" అన్నాను.
నలభై నిమిషాలు కూర్చుని బాగు చేసి వచ్చేశాను. నవ్వలేదు. ఆ ఒక్కటి జరిగింది.

జూన్ 17, సోమవారం. వాన. గొంతు నొప్పి. క్లాసుకు వెళ్లలేదు. వాడని గొంతుకు నొప్పెలా వస్తుందని మా ఆవిడ అడిగింది. జవాబు చెప్పలేదు. గొంతు నొప్పి కదా.

జూన్ 20, గురువారం. బావమరిదిని పంపాను. నాలుగు ముక్కల్లో తేల్చుకొస్తానని ఎగురుకుంటూ వెళ్లినవాడు ముఖం వేలాడేసుకొని వచ్చాడు.
"మా బావకు మాట్లాడటం రాదండీ అన్నాను బావా. 'ఆ మాట ఇంకెవరికైనా చెప్పండి, క్లాసులో ఆయన మాట్లాడగా నేను విన్నాను. ఆయన్నే రమ్మనండి' అన్నాడు ఇన్‌స్పెక్టరు. ఏం మాట్లాడావు నువ్వు?"

జూన్ 21, శుక్రవారం. తెల్లవారుజామున వాన, ఇప్పుడు తెరిపి. ఇంకా తొమ్మిది రోజులు. ఈసారి నేనే మాట్లాడతాను. మళ్లీ సంతకం పెట్టాను, నల్ల సిరాతో.
10.25 ఆఫీసు బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను. గుమాస్తా వచ్చి, సార్ రమ్మంటున్నారన్నాడు. ఒక్క నిమిషం అన్నాను. గట్టిగానే అన్నాను, పక్కవాళ్లు తిరిగి చూశారు. పొద్దున చేసిన పని రాయడం మరిచాను. పెద్ద తక్కెడ గొలుసు—