నాలుగు మీటర్లు

24 అక్టోబర్ 2022

కానిస్టేబుల్ ప్రిలిమ్స్ పాసయ్యాను. ఇంకో ఎనిమిది వారాల్లో నల్గొండలో ఈవెంట్స్. పరుగుకూ లాంగ్‌జంప్‌కూ భయం లేదు, చిన్నప్పటి నుంచి బాపు గొర్రెల వెంట ఉరికినదాన్ని. షాట్‌పుట్‌తోనే చావొచ్చింది. నాలుగు కిలోల ఇనుప గుండు నాలుగు మీటర్ల అవతల పడాలి. ఈరోజు స్కూల్ గ్రౌండులో విసిరితే 3.20.

ఈ 3.20 సంగతి ఇంట్లో చెప్పలేదు. పోయిన వారం పంచాయితీలో పెద్దమనుషులు తేల్చేశారు. నౌకరీ వస్తే నాగరాణి ఇష్టం, రాకపోతే హుజూర్‌నగర్‌లో మొగుని దగ్గరికి పోవాలె అన్నారు. తాగొచ్చి కొట్టే నా మొగుడు లింగస్వామి అక్కడ నోట్లో నాలుక లేనట్టు కూర్చున్నాడు. సరే అని నేనూ మాటిచ్చాను. ఆ ఇంటికి మళ్లీ పోవడం కంటే చావడం నయం. ఇది ఎవరికీ చెప్పలేదు.

29 అక్టోబర్

మా స్కూల్ పీఈటీ సుమన మేడమ్ ఇంటికి పోయాను. విసిరి చూపించమంది. చూసి, చేతుల్తోని కాదు నాగరాణీ, కాళ్లల్ల నుంచి రావాలె బలం అంది. బియ్యం సంచిలో పది కిలోల ఇసుక నింపి భుజాన వేసుకుని గుంజీలు తియ్యమంది. వారానికి రెండు కిలోలు పెంచాలి. రోజు విడిచి రోజు చెయ్యాలి, నడుమ రోజు రెస్ట్.

రెస్ట్ అట. నాకున్నదే యాభై రోజులు.

31 అక్టోబర్

కూర్చుంటే లేవలేకపోతున్నాను. అమ్మ నవ్వుతోంది.

12 నవంబర్

3.51.

అద్దంలో చూసుకుంటే చేతులు అవే పుల్లలు. మరి ఈ బలం ఎక్కడి నుంచి వచ్చిందని మేడమ్‌ను అడిగాను. కండ గింత జల్ది పెరగదు, ముందుగాల ఉన్న కండనే పూరా వాడుకునుడు మెదడు నేర్చుకుంటది అంది. అంటే ఇంత బలం ఇన్నేళ్లూ నా దగ్గరే ఉందన్నమాట. కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు.

రేపటి నుంచి రెస్ట్ లేదు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. మేడమ్‌కు చెప్పను. మా ఇంట్లో పగటిపూట ఊరికే కూర్చున్న మనిషిని నేనెప్పుడూ చూడలేదు.

24 నవంబర్

3.38. టేపు తప్పేమోనని నాలుగుసార్లు కొలిచాను.

25 నవంబర్

భుజం వాచింది. చెయ్యి పైకి లేవక జడ అమ్మే వేసింది. చిన్నపిల్లలా ఏడ్చాను. ఇరవై నాలుగు రోజులు మిగిలాయి, బలం వెనక్కి పోతోంది. ఎంత చేస్తే అంత తగ్గుతోంది, ఇక నేనేం చెయ్యాలి.

పంచాయితీ అయినప్పటి నుంచి బాపు నాతో సరిగ్గా మాట్లాడలేదు. ఈరోజు మందకు పోబోతూ ఆగాడు. ఇసుక సంచి కొట్టంలో పడేసి తాళం వేశాడు. గొర్రె తిరిగేటప్పుడు బలవదు బిడ్డా, పండుకొని నెమరేసేటప్పుడే కండ పడతది, దాన్ని తిప్పుడే తిప్పితే బక్కచిక్కి బొక్కలు తేల్తయ్ అన్నాడు. మూడు రోజుల దాకా అడగకు అని తాళంచెవి మొలతాడుకు కట్టుకుని పోయాడు.

మేడమ్ చెప్పిందీ ఇదే. నలిగేది పనిలో, పెరిగేది పడుకున్నప్పుడు. గొర్రెకున్న తెలివి నాకు లేకపోయింది.

26 నవంబర్

పడుకున్నాను. నాలుగు గుడ్లు తిన్నాను. పడుకోవడం ఇంత కష్టమని తెలియదు. కళ్లు మూస్తే హుజూర్‌నగర్ ఇల్లే కనిపిస్తోంది.

2 డిసెంబర్

3.64.

12 డిసెంబర్

3.83. సంచి పద్దెనిమిది కిలోలకు వచ్చింది. జాకెట్టు చేతులు పట్టక అమ్మ కుట్లు విప్పింది. కండ ఇప్పుడిప్పుడే పడుతోంది. ఇంకో నెలుంటే దర్జాగ దాటేస్తవ్ అంది మేడమ్. లేదు కదా మేడమ్ అన్నాను.

19 డిసెంబర్, నల్గొండ నుంచి బస్సులో

పరుగు పాస్. జంప్ పాస్.

గుండు మొదటిది 3.81. రెండోసారి గీత తొక్కాను. మూడోది, ఆఖరిది, చెయ్యి వదిలినప్పుడే దాటిందనుకున్నాను. ఇంత దూరం నేనెప్పుడూ విసరలేదు. టేపు పట్టుకున్నామె 3.94 అని చదివి, నెక్స్ట్ అంది.

ఆరు సెంటీమీటర్లు. మూడు వేళ్లు పక్కపక్కన పెడితే అంతే. బస్సులో కూర్చుని వేళ్లు చూసుకుంటున్నాను. పక్కనామె ఏమైంది బిడ్డా అని అడుగుతోంది. దిగాల్సిన స్టేజీ దాటిపోయింది.

23 డిసెంబర్

లింగస్వామి కిరాయి కారు తెచ్చాడు. పెద్దమనుషులందరి ముందు రెక్క పట్టి లాగాడు. నేను కదల్లేదు. రెండు చేతులతో లాగాడు. కదల్లేదు. అతని ముఖంలో భయం చూశాను, పెళ్లయ్యాక మొదటిసారి.

మాట తప్పాను. కారులో అతనొక్కడే పోయాడు.